నేర్చువాని క్రమము, వెదకువాని క్రమము

పుస్తకములలో రెండు తెగలు కలవు. మొదటి పుట మొదలుకొని కడపటి పుట వరకు వరుసగా చదువదగినవి కొన్ని. అవసరము కలిగినపుడు తెరచి, కావలసిన నాలుగు పంక్తులు చూచుకొని, తిరిగి అలమారలో ఉంచదగినవి మరికొన్ని. కావ్యము, నవల, పాఠ్యపుస్తకము మొదటి తెగకు చేరును. నిఘంటువు, పంచాంగము, రైళ్ల వేళల పట్టిక రెండవ తెగకు చేరును. కుప్పము స్టేషనుకు బెంగుళూరు బండి ఎన్ని గంటలకు వచ్చునో తెలిసికొనగోరువాడు వేళల పట్టికను మొదటి పుటనుండి చదువబూనినచో, ఆ పుట చేరునప్పటికి బండి వెళ్లిపోవును. మనుచరిత్రమును నడుమ ఒకచోట తెరచి ఒక పద్యము చూచి మూసివేయువానికి ప్రవరుని కథ తెలియదు. తెగను బట్టి చదువు తీరు మారవలెను.

నేడు ఈ రెండవ తెగలో క్రొత్త శాఖ ఒకటి విస్తారముగా పెరిగినది. కంప్యూటరుచేత పని చేయించుటకై వ్రాయబడిన ఆజ్ఞల సముదాయమును సాఫ్టువేరు అందురు. అందలి ప్రతి ఆజ్ఞను, దాని ప్రయోగరూపమును, ఫలితమును, పరిమితులను వివరించు ఆకరగ్రంథమును మాన్యువలు అని వాడుకలో పిలుచుచున్నారు. పెద్ద సాఫ్టువేరుల మాన్యువళ్లు వేలకొలది పుటలు ఉండును. ఇవి నేడు కాగితముపై కంటె కంప్యూటరు తెరపైననే ఎక్కువగా కనబడుచున్నవి. ఇంతటి గ్రంథమును ఏ ప్రకరణములుగా విభజింపవలెను? ఏ విషయము ఏ ప్రకరణమున ఉండవలెను? పైకి ఇది అచ్చుపనికి సంబంధించిన ప్రశ్నవలె తోచును. కాని ఒక విద్య సామాన్యునికి అందుటయు అందకపోవుటయు పెక్కు సందర్భములలో దీనిపై ఆధారపడి యున్నది.

అంగళ్లులోను కుప్పములోను ఇంజనీరింగు కళాశాలలు వెలసిన పిమ్మట, మదనపల్లె, పుంగనూరు, కుప్పము పరిసరములలోని పల్లె బడులలో తెలుగున చదివిన పిల్లలు అనేకులు కంప్యూటరు విద్యలో ప్రవేశించుచున్నారు. ఇట్టి విద్యార్థి మొట్టమొదట మాన్యువలును తెరచినపుడు, పదియేండ్లుగా అలవడిన రీతినే, పాఠ్యపుస్తకమును చదివినట్లు మొదటి పుటనుండి చదువబూనును. పది పుటలు గడచునప్పటికి అతనికి దిక్కు తోచదు. తన ఆంగ్లము చాలదనియో, ఈ విద్య తనకు అబ్బదనియో నిశ్చయించుకొనును. ఆంగ్లము కొంత అడ్డు నిలుచుట నిజమే. ఐనను అంతకంటె పెద్ద అడ్డు మరియొకటి కలదు. అతడు వెదకవలసిన గ్రంథమును చదువబూనినాడు. ఆ గ్రంథమునకు అరలు ఎట్లు కట్టబడినవో అతనికి ఎవరును చెప్పియుండలేదు.

యూనిక్సు కట్టిన అరలు

ఈ విషయమున మార్గదర్శకమైన గ్రంథము 1971 నవంబరు 3వ తేదీతో వెలువడినది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ అను శాస్త్రజ్ఞులు యూనిక్సు అను ఆపరేటింగు సిస్టమును నిర్మించి, దానిని వాడువారికై యూనిక్సు ప్రోగ్రామర్స్ మాన్యువల్ అను గ్రంథమును సిద్ధము చేసిరి. దానిలో ఏడు ప్రకరణములు ఉండెను. మొదటిదానిలో మనుష్యుడు మీటలు నొక్కి నేరుగా ఇచ్చు ఆజ్ఞలు, రెండవదానిలో ప్రోగ్రాములు సిస్టమును అడిగి పొందు సేవలు, మూడవదానిలో ప్రోగ్రాము వ్రాయువాడు తెచ్చుకొని వాడుకొను సిద్ధోపకరణములు, నాల్గవదానిలో యంత్రపరికరములకు ప్రతినిధులుగా నిలుచు ప్రత్యేకపు ఫైళ్లు, ఐదవదానిలో ఫైళ్ల లోపలి అమరిక, ఆరవదానిలో వాడుకరులు తామే వ్రాసి పోషించుచున్న ప్రోగ్రాములు, ఏడవదానిలో ఇతరములు. సిస్టమును కనిపెట్టి కాపాడువారి కొరకు ఎనిమిదవ ప్రకరణము తరువాతి కాలమున చేరినది. ఆరవ ప్రకరణము క్రమముగా ఆటలకు నెలవైనది. 1991లో ఆరంభమైన లినక్సు మాన్యువలు కూడ ఈ ఎనిమిది అరల కట్టడమునే అనుసరించుచున్నది.

ఈ విభజనను పరికించినచో ఒక విశేషము కనబడును. దీనికి ఆధారము వెదకువాని స్థానము. ఆజ్ఞ ఇచ్చువాడు, ప్రోగ్రాము వ్రాయువాడు, పరికరము తగిలించువాడు, సిస్టమును కాపాడువాడు అని అడుగువారు నలుగురు కలరు. ఎవడు ఏ ప్రశ్నతో వచ్చునో గ్రంథకర్తలు ముందుగా ఊహించి, వాని ప్రశ్నకు తగిన తలుపు తెరచి ఉంచిరి.

ఉదాహరణము ఒకటి చూడవచ్చును. లినక్సు మాన్యువలులో రహస్యపదమునకు సంబంధించి ఒకే పేరు గల పుటలు రెండు ప్రకరణములలో కలవు. తన రహస్యపదమును మార్చుకొనగోరు సామాన్యుడు మొదటి ప్రకరణమునకు పోవలెను. అట మార్చు ఆజ్ఞ చెప్పబడినది. వాడుకరుల పేర్లు నమోదైన ఫైలులో ఏ గడియందు ఏమి ఉండునో తెలిసికొనగోరు నిర్వాహకుడు ఐదవ ప్రకరణమునకు పోవలెను. ఈ రెంటిని ఒకే చోట కలిపి వ్రాసినచో సామాన్యుడు తనకు అక్కరలేని గడుల వివరములలో చిక్కుకొనును. నిర్వాహకుడు తాను ఎరిగిన ఆజ్ఞను మరల చదువవలసి వచ్చును. అందుచేతనే పేరు ప్రక్కన కుండలీకరణములలో ప్రకరణసంఖ్యను వ్రాయు ఆచారము ఏర్పడినది. ప్రింట్ఎఫ్ (1) అన్నచో మనుష్యుడిచ్చు ఆజ్ఞ. ప్రింట్ఎఫ్ (3) అన్నచో సి భాషలో ప్రోగ్రాము వ్రాయువాడు వాడుకొను ఉపకరణము. ఆ చిన్న అంకెయే దారి చూపు కైమరమువంటిది. దాని అర్థము తెలియని విద్యార్థి దానిని అచ్చుతప్పుగానో అలంకారముగానో భావించి దాటిపోవును.

ఒక్కొక్క ప్రకరణము లోపల పుటలు అక్షరక్రమమున ఉండును. ప్రతి పుటకును లోపలి అరలు ఒకే తీరున ఉండును. మొదట పేరు, పిమ్మట ప్రయోగరూపము, తరువాత వివరణము, సంబంధించిన ఫైళ్లు, చూడదగిన ఇతర పుటలు, కడపట లోపములు. తాము నిర్మించిన వస్తువులోని లోపములకు తామే ఒక శీర్షికను కేటాయించుట ప్రశంసింపదగిన విషయము. పది పుటలు చూచినవాడు పదునొకండవ పుటలో ఏది ఎచట ఉండునో చూడకయే చెప్పగలడు. ఆకరగ్రంథమునకు ఇట్టి ఏకరూపత ప్రాణము. కవి ప్రతి పద్యమును క్రొత్త పోకడతో ఎత్తుకొన్నచో రసికులు మెచ్చుకొందురు. మాన్యువలు వ్రాయువాడు అట్లు చేసినచో చదువరి దారి తప్పును.

అరకు ఒకసారి అంకె వేసిన పిమ్మట దానిని మార్చుట ఎంత చిక్కో యూనిక్సు చరిత్రయే చెప్పుచున్నది. ఆ వంశము శాఖోపశాఖలై పెరిగినపుడు సిస్టం ఫైవ్ అను శాఖలో ఫైళ్ల అమరిక నాల్గవ ప్రకరణమునకును, ఇతరములు ఐదవదానికిని, పరికరముల ఫైళ్లు ఏడవదానికిని మారినవి. ఒక శాఖలో ఐదు అన్నచో ఒక అర్థము, వేరొక శాఖలో మరియొక అర్థము. సొలారిస్ అను సిస్టము ఈ మారిన వరుసనే చిరకాలము పాటించి, 2018లో వచ్చిన 11.4 కూర్పులో తిరిగి తొలి వరుసకు చేరుకొన్నది. ఊరి వీధులకు పేర్లు మార్చినచో తపాలా బంట్రోతు పడు పాటు ఆ నడుమ కాలమున వాడుకరులకు తప్పలేదు.

అమరసింహుని వర్గములు

వెదకువాని సౌకర్యమునకై గ్రంథమును విభజించు విద్య తెలుగువారికి క్రొత్త కాదు. అమరకోశమును వల్లించిన ప్రతివానికిని అది పరిచితమే. అమరసింహుడు తన కోశమును మూడు కాండములుగను, కాండములను వర్గములుగను విభజించెను. స్వర్గవర్గము, వ్యోమవర్గము, దిగ్వర్గము, కాలవర్గము మొదలైనవి మొదటి కాండమున. భూమి, పురము, శైలము, వనౌషధులు, సింహాదిమృగములు, మనుష్యులు, చతుర్వర్ణములు రెండవ కాండమున. విశేష్యనిఘ్నము, సంకీర్ణము, నానార్థము, అవ్యయము, లింగాదిసంగ్రహము మూడవ కాండమున కలవు. లింగమును ఎట్లు గుర్తింపవలెనో, ఏ సంకేతమునకు ఏమి అర్థమో గ్రంథారంభముననే పరిభాషగా చెప్పబడినది. గ్రంథమును వాడు విధమును గ్రంథములోనే మొట్టమొదట చెప్పుట ఈనాటి మాన్యువళ్లు కూడ పాటించుచున్న నియమము.

ఇందు ఒక చమత్కారము కలదు. సింహము, పులి మొదలైనవి సింహాదివర్గమున ఉండగా, ఏనుగును గుర్రమును వెదకువానికి అవి అచట దొరకవు. అవి క్షత్రియవర్గమున కలవు. ఆవు వైశ్యవర్గమున కలదు. కుక్క శూద్రవర్గమున కలదు. జంతుశాస్త్రము చదివినవాడు ఇది అక్రమమనును. కాని అమరసింహుని దృష్టి వేరు. ఏనుగు, గుర్రము సేనాంగములు. ఆవు కృషి వాణిజ్యములతో కూడిన జీవనమునకు ఆధారము. కుక్క వేటగాని తోడు. ఏ సందర్భమున ఆ పదము అవసరమగునో ఆ సందర్భమే దాని అర. ఆనాటి సమాజపు వర్ణవిభజనయే ఈ అరలకు చట్రమైనది. ఏ కాలపు విభజనలోనైనను ఆ కాలపు లోకదృష్టి ఇట్లే అచ్చుపడి యుండును.

నానార్థవర్గమునకు వచ్చునప్పటికి అమరసింహుడు విభజనసూత్రమునే మార్చివేసెను. ఒకే పదమునకు పలు అర్థములున్న చోట విషయమును బట్టి పేర్చుట కుదరదు. కావున అచట పదముల కడపటి హల్లును బట్టి కకారాంతములు, ఖకారాంతములు అని వరుస పెట్టెను. ఒకే గ్రంథమున రెండు విభజనసూత్రములు ఉండుట దోషము కాదనియు, వెదకువాని ప్రశ్న మారినపుడు అర కూడ మారవలెననియు ఆయన గ్రహించెను. యూనిక్సు గ్రంథకర్తలు ప్రకరణములను వెదకువానిని బట్టియు, ప్రకరణము లోపలి పుటలను అక్షరక్రమమునను పేర్చుట ఇట్టిదే.

తెలుగున పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమును దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థ వర్గములుగా కూర్చెను. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణమున సంజ్ఞ, సంధి, తత్సమ, ఆచ్ఛిక, కారక, సమాస, తద్ధిత, క్రియ, కృదంత పరిచ్ఛేదముల పిమ్మట పదవదిగా ప్రకీర్ణకము కలదు. ఎంత నిపుణముగా విభజించినను ఏ అరలోను ఇమడని విషయములు కొన్ని మిగులును. వానికి ప్రకీర్ణకమని పేరు పెట్టి కడపట ఉంచుట సూరి చూపిన నేర్పు. యూనిక్సు ఏడవ ప్రకరణము అట్టిదే. ఐతే ప్రకీర్ణకము మితము తప్పి పెరిగినచో మిగిలిన అరల కట్టడమునందే లోపమున్నదని తెలిసికొనవలెను. ఇంటిలో సామానంతయు అటుకపైకి చేరినచో అలమార వ్యర్థమైనట్లే.

ఇక ఒక ప్రశ్న. పుంగనూరు ఆవు లోకమున మిక్కిలి పొట్టి పశుజాతులలో ఒకటిగా పేరుపొందినది. విజ్ఞానకోశకర్త దానిని ఎచట ఉంచవలెను? పశుజాతులలోనా, పాడి అను శీర్షిక క్రిందనా, పుంగనూరు అను ఊరి క్రిందనా? పశువైద్యుడు మొదటి అరలో వెదకును. రైతు రెండవ అరలో వెదకును. దేశచరిత్ర వ్రాయువాడు మూడవ అరలో వెదకును. ముగ్గురును సహేతుకముగానే వెదకుచున్నారు. వివరణము ఒక్కచోటనే ఉంచి, తక్కిన రెండు చోట్ల ఫలానిచోట చూడుము అని వ్రాయుట తప్ప గత్యంతరము లేదు. వివరణమునే మూడు చోట్ల వ్రాసినచో, ఒకచోట దిద్దినది తక్కిన రెండు చోట్ల దిద్దబడక కొంతకాలమునకు మూడును మూడు విధములుగా చెప్పును. నెలనెలకు మారు సాఫ్టువేరు విషయమున ఈ ప్రమాదము మరింత ఎక్కువ.

మదనపల్లె మార్కెట్టున ఈ సూత్రము ప్రతిదినము ఆచరణలో కనబడును. టమాటాకు దేశమున పేరుగాంచిన ఆ మార్కెట్టులో కాయలను పరిమాణమును బట్టియు, పండిన తీరును బట్టియు వేరుచేసి క్రేట్లలో నింపుదురు. దూరదేశమునకు లారీలో పోవలసినది దోరగా ఉండవలెను. ఆనాడే కూరకు వాడవలసినది పండి ఉండవలెను. రాశిగా పోసిన సరుకులో మంచి కాయ లేక కాదు. కొనువానికి కావలసినది వెంటనే చేతికి అందదు. విషయసంపద ఎంత ఉన్నను అరలు లేని మాన్యువలు అట్టి రాశియే.

ఋషివ్యాలీ నిచ్చెన

ఇంతవరకు చెప్పినది వెదకువాని క్రమము. నేర్చువాని క్రమము దీనికి భిన్నము. దానికి తగిన నిదర్శనము మదనపల్లెకు చేరువననే కలదు.

1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి ఆశయములతో నెలకొన్న ఋషివ్యాలీ విద్యాలయమునకు అనుబంధముగా గ్రామీణ విద్యాకేంద్రము ఒకటి కలదు. చుట్టుపట్ల పల్లెలలో ఆ కేంద్రము నడపిన చిన్న బడులలో ఉపాధ్యాయుడు ఒక్కడు, గది ఒక్కటి, పిల్లలు పలు తరగతులవారు. అట్టి గదిలో పాఠ్యపుస్తకమును అందరికి ఒకే వరుసలో చెప్పుట పొసగదు. 1987 మొదలుకొని అచట కృషిచేసిన పద్మనాభరావు, రామా దంపతులు పాఠ్యపుస్తకమును విడదీసి కార్డులుగా చేయించిరి. తెలుగు, గణితము, పరిసరముల విజ్ఞానము అన్నియు కార్డులలోనికి వచ్చినవి. ప్రతి కార్డునకు ఒక గుర్తు, ఒక సంఖ్య ఉండును. గోడపైనున్న పట్టికలో నిచ్చెనవలె మెట్లు గీయబడి యుండును. పిల్లవాడు తాను ఏ మెట్టుపై ఉన్నాడో తానే చూచుకొని, ఆ మెట్టునకు చెందిన కార్డును తీసికొని పని ఆరంభించును. ఒక్కొక్క మజిలీలో పరిచయము, అభ్యాసము, పరీక్ష అనునవి క్రమముగా ఉండును. పరీక్షలో తడబడినవానికి దిద్దుబాటు కార్డులు, గెలిచినవానికి అదనపు కార్డులు కలవు. పెట్టెలో బడి అని పేరుపొందిన ఈ పద్ధతి కర్ణాటకమున 1995 ప్రాంతమున మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటెలో నలి-కలి అను పేర ఆరంభమైన పద్ధతికి ప్రేరణమైనది. పిమ్మట తమిళనాడులోని కృత్యాధార బోధనకును దారి చూపినది.

ఈ గదిలో రెండు క్రమములు ప్రక్కప్రక్కన కనబడుచున్నవి. కార్డులు గుర్తులను బట్టి అరలలో ఉండును. అది వెదకువాని క్రమము. గోడపైని నిచ్చెన మొదట ఏది, తరువాత ఏది అని చెప్పును. అది నేర్చువాని క్రమము. కార్డులను అరలలో ఉంచి నిచ్చెనను తీసివేసినచో పిల్లవాడు ఎచట మొదలిడవలెనో ఎరుగడు. నిచ్చెననుంచి అరలను తీసివేసినచో కావలసిన కార్డు చిక్కదు. రెండును వలయును. కాని రెంటిని కలిపివేయరాదు.

మంచి సాఫ్టువేరు గ్రంథములు ఈ భేదమును పాటించుచున్నవి. 1991లో గిడో వాన్ రోసమ్ వెలువరించిన పైథాను అను ప్రోగ్రామింగు భాష నేడు విద్యార్థులలో విశేషవ్యాప్తి గాంచినది. దాని అధికార గ్రంథసముదాయమున పాఠమాల వేరు, గ్రంథాలయసూచిక వేరు, భాషాలక్షణము వేరు. పాఠమాల క్రొత్తవానిని మెట్టు మెట్టుగా ఎక్కించును. గ్రంథాలయసూచిక అమరకోశమువలె విషయవర్గములుగా ఉండును; అక్షరరచనకు సంబంధించినవి ఒక వర్గము, గణితమునకు సంబంధించినవి ఒక వర్గము, ఫైళ్లకు సంబంధించినవి ఒక వర్గము. భాషాలక్షణము వ్యాకరణమువలె సూత్రరూపమున ఉండును. డానియెల్ ప్రొసీడా అను రచయిత ఇట్టి వివరణగ్రంథములను నాలుగుగా విభజించుట మేలని ప్రతిపాదించెను. మొదటిది నేర్చుకొనువానికి పాఠము. రెండవది ఒక పని సాధింపగోరువానికి మార్గదర్శిని. మూడవది చూచుకొనువానికి ఆకరము. నాల్గవది ఎందుకు అని అడుగువానికి వ్యాఖ్యానము. ఈ నాలుగు పనులను ఒకే పుటలో చేయబూనిన గ్రంథము నలుగురిలో ఎవరికిని తృప్తి కలిగింపదు.

కుప్పము కూడలిలో

మూడు రాష్ట్రములు కలియు తావున ఉన్న కుప్పమున తెలుగు, తమిళము, కన్నడము నిత్యమును వినబడుచుండును. 1997లో అచట ద్రావిడ విశ్వవిద్యాలయము ఏర్పడుటకు ఇదియు ఒక కారణము. కంప్యూటరును పల్లెకు చేర్చు ప్రయోగమునకు కూడ కుప్పమే వేదిక అయినది. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ రాష్ట్రప్రభుత్వముతో కలసి ఐ-కమ్యూనిటీ అను పేర మూడేండ్ల ప్రణాళికను ఆరంభించి, గ్రామీణులకై సమాచారకేంద్రములను నెలకొల్పినది. యంత్రము పల్లెకు వచ్చుట సులభము. ధనమున్నచో ఒక్క సంవత్సరమున రాగలదు. ఆ యంత్రమును గూర్చిన గ్రంథము పల్లెవాని భాషలోనికి వచ్చుటకు తరము పట్టును. జపాను, కొరియా, ఫ్రెంచి, స్పానిషు భాషలవారు పైథాను గ్రంథములను తమ భాషలలోనికి తెచ్చుకొనుటకు ఉమ్మడిగా పాటుపడుచున్నారు. తెలుగునను అట్టి కృషి సాగవలసి యున్నది.

అట్టి గ్రంథము తెలుగున వెలయించునపుడు వాక్యములను మార్చుకొన్నంత మాత్రమున పని ముగియదు. మొదటి చిక్కు అక్షరక్రమమున ఎదురగును. ఆజ్ఞలు ఆంగ్లాక్షరములతోనే కొట్టవలసినవి. వానిని తెలుగున పలికినట్లు వ్రాసి అకారాదిగా పేర్చినచో, తెరపై ఆంగ్లాక్షరములలో చూచినవానికి అవి దొరకవు. కావున ఆజ్ఞలకు ఆంగ్లాక్షరక్రమమున ఒక సూచిక, భావములకు తెలుగు అకారాదిక్రమమున వేరొక సూచిక ఉండవలెను. అందును ఒక మెలిక కలదు. బడిలో నేర్చు వర్ణమాలలో వ తరువాత శ, ష, స, హ గడచి ళ వచ్చును. కంప్యూటరు అక్షరములకు యూనికోడు ఇచ్చిన సంఖ్యలలో ల వెంటనే ళ వచ్చి, వ తరువాత నున్నది. ఆ సంఖ్యల వరుసనే పదములను పేర్చినచో పళ్లెము ముందును, పవనము వెనుకను పడును. బడిపిల్లవాడు పవనము తరువాత పళ్లెమును వెదకును. ఇంత చిన్న తేడాయే పదము గ్రంథమున లేదను భ్రమ కలిగించుటకు చాలును. ఏ క్రమమును పాటించినను దానిని మొదటి పుటలోనే చెప్పవలెను.

రెండవ చిక్కు పదములది. ఫైలు అను మాట రైతుకును తెలియును. దానికి బదులు సంస్కృతపదమును కూర్చి పెట్టినచో వెదకువాడు ఆ పదమును ఊహింపలేడు. వెదకువాని నోట ఉన్న మాటయే శీర్షికగా ఉండవలెను. పండితుడు కూర్చిన మాటను లోపల వివరింపవచ్చును. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటమును, 1971లో వచ్చిన చేనేత సంపుటమును ఈ విషయమున ఆదర్శప్రాయములు. పల్లెలకు పోయి, పనివారి నోట వినిన మాటలను సేకరించి, ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క సంపుటముగా కూర్చిరి. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేయువారు తమ మగ్గపు అంగములకు వాడు మాటలు ఎట్లు పండితుల కల్పనలు కావో, కంప్యూటరు ముందు కూర్చున్న తెలుగు యువకులు వాడు మాటలును అట్లే. మొదట వానిని వినవలెను. పిమ్మటనే అరలు కట్టవలెను.

బడిలో చేయదగినది

ఈ విద్యకు పునాది కళాశాలలో కాదు, ఉన్నతపాఠశాలలో పడవలెను. దానికి కంప్యూటరు కూడ అవసరము లేదు. నిఘంటువు ఒకటి చాలును. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరమును గాని, 1852 నాటి బ్రౌను నిఘంటువును గాని తరగతికి తెచ్చి, వారమునకు ఒక గంట కేటాయించి, విద్యార్థులచేత వెదకింపవలెను. పదము దొరికినది లేనిది మాత్రమే అడుగరాదు. ఎచట వెదకితివి, అచట ఏల లేదు, పిమ్మట ఎచటికి పోయితివి అని అడుగవలెను. సమాసముగానున్న పదమును విడదీసి వెదకవలెనని, క్రియను ధాతురూపమున వెదకవలెనని విద్యార్థి తానుగా కనుగొనిన నాడు గ్రంథపు కట్టడము అతనికి అర్థమైనట్లే.

రెండవ అభ్యాసముగా విద్యార్థులచేతనే ఒక చిన్న ఆకరగ్రంథమును కూర్పింపవచ్చును. పాఠశాల తోటలోని చెట్లు, ఊరి చెరువులు, సంతలో అమ్ము వస్తువులు, ఏదైనను విషయము కావచ్చును. ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క కార్డు. ప్రతి కార్డునను ఒకే శీర్షికలు, ఒకే వరుసలో. ఆ కార్డులను ఒక జట్టు అకారాదిగను, వేరొక జట్టు వాడుకను బట్టియు పేర్చి, పరస్పరము ప్రశ్నలు వేసికొని, ఎవరి పేర్పులో ఏ ప్రశ్నకు సమాధానము త్వరగా దొరికినదో చూడవలెను. వేపచెట్టు ఔషధములలో ఉండవలెనా, కలపలో ఉండవలెనా అని పిల్లలు వాదులాడుకొన్నచో ఉపాధ్యాయుడు తీర్పు చెప్పుటకు తొందరపడరాదు. ఆ వాదమే పాఠము.

ఇట్టి అలవాటు పడిన విద్యార్థి రేపు మాన్యువలు తెరచినపుడు మొదటి పుటలోని పరిభాషను చదువును, విషయసూచికను పరికించును, తాను నేర్చుకొనుటకు వచ్చెనో వెదకుకొనుటకు వచ్చెనో తన్ను తానే ప్రశ్నించుకొనును. నేర్చుకొనుటకైనచో పాఠమాలకు పోవును. వెదకుకొనుటకైనచో తగిన ప్రకరణమునకు పోవును. పరభాషలోని వాక్యములు కొన్ని అతనికి కఠినముగానే ఉండవచ్చును. ఐనను తాను ఎచట నిలిచి యున్నాడో అతనికి తెలియును. దారి తెలిసినవాడు మెల్లగా నడచినను ఊరు చేరును. చంకలో పిల్లనుంచుకొని ఊరంతయు వెదకిన సామెత వానికి వర్తింపదు.

తెలుగున సాఫ్టువేరు గ్రంథములు వ్రాయవలసినవారు నేడు ఈ బడులలోననే చదువుచుండవచ్చును. అమరమును వల్లించిన తాతల పద్ధతియు, కార్డుల నిచ్చెనను ఎక్కిన పల్లె బడుల పద్ధతియు వారికి రెండు చేతులవంటివి. ఆ రెంటి భేదమును వారికి తెలుపు భారము ఉపాధ్యాయులది.